తాళం తీసిన గది: మా బరంపురం హైస్కూలు పుస్తకాల పని డైరీ

మే 6

ఈరోజు మా స్కూలు పాత లైబ్రరీ గది తాళం పగలగొట్టాం. తాళంచెవి ఎవరి దగ్గరుందో తేలక రెండు రోజులు గడిచాయి. చివరికి హెడ్మాస్టరు గారే "కొట్టెయ్యండి బాబూ, కొత్త తాళం నేను కొంటాను" అన్నారు. ఆయన ఇంటి భాష ఒడియా. చాలా ఏళ్ళుగా ఒడిశాలోని ఈ బరంపురంలో ఉంటున్నారు కాబట్టి తెలుగు మాతో సమానంగా మాట్లాడతారు.

నేను ఆరు నుంచి పది దాకా ఈ స్కూల్లోనే తెలుగు మీడియంలో చదివాను. ఇప్పుడు బజారులో చిన్న బైండింగు షాపు నడుపుతున్నాను. మా రోజుల్లో ఈ గది లైబ్రరీ. కిటికీ పక్కన పొడుగాటి బల్ల, గోడల పొడవునా చెక్క బీరువాలు. శనివారం వరసలో నిలబడి పుస్తకం తీసుకుని ఇంటికి పట్టుకెళ్ళేవాళ్ళం. 2013 అక్టోబరు 12 రాత్రి ఫైలిన్ తుఫాను గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటినప్పుడు ఈ గది కిటికీ రెక్కలు ఎగిరిపోయాయి. తడిసిన పుస్తకాలను ఆరీ ఆరకుండానే బీరువాల్లో సర్దేసి తాళం వేశారు. తరవాత తెలుగు మాస్టారు రిటైరయ్యారు. ఆ పోస్టులోకి చాలాకాలం ఎవరూ రాలేదు. తెలుగు సెక్షన్లో పిల్లలు తగ్గిపోయారు, తాళం మాత్రం అలాగే ఉండిపోయింది.

స్కూలు ముందు భాగానికి ఈమధ్య కొత్త రంగులు పడ్డాయి, క్లాసుల్లో స్మార్ట్ బోర్డులు వచ్చాయి. చూస్తే ముచ్చటేస్తుంది. ఈ గది వెనక వరండా చివర ఉంది కాబట్టి ఆ పని ఇక్కడిదాకా రాలేదు.

తలుపు తీయగానే బూజు, ఎలుకలు, నానిన అట్ట, అన్నీ కలిసిన వాసన కొట్టింది. పాత పుస్తకాల మధ్యే బతుకుతున్నవాణ్ణి, అయినా రెండు నిమిషాలు బయటే నిలబడిపోయాను. ఎడమ గోడ బీరువాలో కింది అర పుస్తకాలన్నీ ఒకే దిమ్మ అయిపోయాయి. పైకి అట్టలు బాగానే ఉన్నాయి. ఒకటి లాగితే లోపల కాగితం లేదు, చెదల మట్టి ఉంది.

మే 8, 9

ముక్కుకి గుడ్డ కట్టుకుని నలుగురం దిగాం: నేను, మా బ్యాచ్ వాళ్ళు ఇద్దరు, మా పెదనాన్న కొడుకు. వేసవి సెలవులు కాబట్టి వరండా అంతా మాదే.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. తడిసిన పుస్తకాన్ని ఎండలో పడేయడం అందరూ చేసే పని. ఎండకి కాగితం వంకర్లు పోతుంది, అట్ట విల్లులా లేస్తుంది, అంటుకున్న పేజీలు ఇంకా బిగుసుకుంటాయి. నీడలో ఫ్యాను గాలికి నిలబెట్టి, పది పదిహేను పేజీలకొకసారి తెల్ల కాగితం పెట్టి, అది చెమ్మ పీల్చాక మార్చాలి. బూజుని తడిగుడ్డతో తుడిచారంటే లోపలికి రుద్దినట్టే. బాగా ఆరనిచ్చి, బయట, మెత్తటి కుంచెతో దులపాలి.

రెండు రోజుల్లో లెక్క తేలింది. మొత్తం 1,146 పుస్తకాలు. తెలుగు 538, ఒడియా 391, ఇంగ్లీషు 172, హిందీ 45. తెలుగువి మూడు కుప్పలు చేశాం: దులిపితే చాలనేవి 205, బైండింగు కావలసినవి 214, ఇక లేవనివి 119. మూడో కుప్పని పారేయబుద్ధి కాలేదు గానీ చెదలున్న కాగితాన్ని గదిలో ఉంచితే మిగతావీ పోతాయి. పేర్లు రాసుకుని తగలబెట్టించాను. ఆ పేర్లు రాయడానికి ఒక పూట పట్టింది.

పుస్తకాలు ఇళ్ళకి ఇచ్చినప్పుడు రాసే పాత రిజిస్టరు కూడా దొరికింది. మొదటి పేజీలు పోయాయి. మిగిలినవాటిలో మొదట ఇంగ్లీషు రాత, మధ్యలో గుండ్రటి తెలుగు రాత, చివర్లో ఒడియా రాత. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడేదాకా మా ఊరున్న గంజాం జిల్లా మద్రాసు ప్రెసిడెన్సీలోనే ఉండేది. రాష్ట్రం మారిన ఊళ్ళో రిజిస్టరు కూడా లిపి మార్చుకుంటూ వచ్చింది. మూడు రాతల్లోనూ వరస నంబరు మాత్రం ఎక్కడా తెగలేదు. ఎవరు రాసినా ముందు రాసినవాళ్ళ నంబరు తరవాతి నంబరే వేశారు. మేమూ కొత్త రిజిస్టరు పెట్టకుండా ఇందులోనే కొనసాగించాలని అప్పుడే అనుకున్నాను.

మే 13

పుస్తకాల కంటే ముందు శ్లాబు సంగతి చూడాలి. తాపీ మేస్త్రీ ఇచ్ఛాపురం నుంచి వచ్చాడు. మా అమ్మ వైపు చుట్టం, నాకు మావయ్య వరస. పైకెక్కి ఒక్క చూపు చూసి, "ఒరే, నీళ్ళకి దారేదిరా?" అన్నాడు. నిజమే. కొన్నేళ్ళ కింద ఎవరో రిపేరు చేసినప్పుడు వాన నీరు పోయే గొట్టం మూతి మీదుగా తారు షీటు పరిచేశారు. ఎవరు చేశారో ఇప్పుడు వెతికి లాభం లేదు. నీళ్ళన్నీ ఈశాన్యం మూల నిలిచి, పిట్టగోడ మొదట్లోంచి లోపలికి దిగుతున్నాయి. ఆ మూలే చెదల బీరువా.

పిట్టగోడ పగుల్లో రావి మొలక ఒకటి ఉంది. పైన నరికేస్తే మళ్ళీ వస్తుంది. మావయ్య పగులు చుట్టూ కొట్టి, వేరు దొరికినంత వరకు లాగి, ఆ సందులో సిమెంటు పాలు పోశాడు. గొట్టం మూతి తెరిచి జాలీ పెట్టాడు. వాటం సరిచేస్తూ వాటర్‌ప్రూఫ్ కలిపిన సిమెంటు పూత వేశాడు. కూలి ఇస్తే మొదట వద్దన్నాడు. బస్సు ఛార్జీ పేరు చెప్పి జేబులో పెట్టాను.

మే 20

గొట్టం మూతికి గుడ్డ కుక్కి శ్లాబు మీద నీళ్ళు కట్టాం. మూడు రోజులు ఉంచాం. పొద్దున్నే వెళ్ళి సీలింగు కింద చెయ్యి పెట్టి చూడడమే పని. మూడో రోజు కూడా పొడిగానే ఉంది. ఒక్క కిటికీ పైభాగాన చిన్న చెమ్మ మచ్చ. మావయ్యకి ఫోన్ చేస్తే "అది సన్‌షేడ్ మీదిది, వానాకాలం చూద్దాంలే" అన్నాడు.

చెక్క బీరువాలు తీసేశాం. బట్టల కొట్టాయన షోరూము మారుస్తూ పాత ఇనప రాకులు ఇచ్చాడు. గోడకి జానెడు దూరంలో పెట్టాం, వెనక గోడ కనిపించాలి. చెదలు వస్తే మట్టి దారి ముందు గోడ మీదే కనిపిస్తుంది. రాకు గోడకి ఆనుకుంటే పుస్తకం తీసేదాకా సంగతి తెలియదు.

జూన్ 1 నుంచి 12

ఇవి షాపులో చేసిన పనులు. పగలు గిరాకీ పని, రాత్రి ఎనిమిది తరవాత స్కూలు పుస్తకాలు.

జిగురు మా నాన్న పద్ధతే. కిలో మైదాని చన్నీళ్ళలో ఉండలు లేకుండా కలిపి, మరిగే నీళ్ళలో సన్నగా పోస్తూ తిప్పాలి. తెల్లగా ఉన్నది గాజులా మెరిసేదాకా ఉడకాలి. దించే ముందు ఒక పెద్ద చెంచా మైలుతుత్తం (కాపర్ సల్ఫేట్) పొడి. నీలిరంగు లేతగా తిరుగుతుంది. అది లేకపోతే బొద్దింకలు ఆ జిగురు కోసమే పుస్తకం వీపు (పేజీలు కుట్టిన అంచు) కొరికేస్తాయి. మైలుతుత్తం విషం కాబట్టి ఆ గిన్నె వేరు, ఆ చెంచా వేరు, పిల్లలు ముట్టుకునే చోట ఉంచకూడదు.

పాత పుస్తకం విప్పే ముందు ఒక పరీక్ష ఉంది. చివరి ఖాళీ పేజీ మూల కొద్దిగా మడిచి, మళ్ళీ వెనక్కి మడవాలి. రెండు మూడు మడతలకి నిలబడితే కుట్టుకి ఆగుతుంది. మొదటి మడతకే అప్పడంలా విరిగితే ఆ కాగితంలో ఆమ్లం పేరుకుపోయిందని అర్థం. చవక కాగితం తనలోని గుణానికే ఏళ్ళ తరబడి గోధుమరంగు తిరిగి పెళుసవుతుంది. అలాంటిదానికి సూది దించితే కుట్టు పొడవునా చిరుగుతుంది. అవి 30 దాకా తేలాయి. కుట్టకుండా, ఒక్కో పేజీ ఫోన్‌తో ఫోటో తీసి, తెల్ల కాగితంలో చుట్టి, పైన పేరు రాసి వేరే అరలో పెట్టాం.

మిగతావి విప్పడం, ఫారాలు (మడిచిన పేజీల కట్టలు) విడదీయడం, పాత దారం ఏరేయడం. తెగిన మడతలకి పల్చటి కాగితం పట్టీ. తరవాత దబ్బనంతో ఐదు చిల్లులు, మైనం రాసిన దారంతో కుట్టు. వీపుకి జిగురు, దాని మీద జాలీ గుడ్డ, స్ట్రాబోర్డు అట్టలు, పైన కాలికో గుడ్డ. రాత్రంతా బరువు కింద. ఒక్కడినే చేస్తే రోజుకి నాలుగు. మా ఆవిడ ఫారాలు విడదీయడం పట్టుకున్నాక ఏడు, ఎనిమిది.

జూన్ 7న ఒక తప్పు జరిగింది, నాదే. పాత శతకాల సంపుటి. అంచులు ఎలుక కొరికి ఎగుడుదిగుడుగా ఉన్నాయి, చూడ్డానికి బాగుంటుందని కటింగు మిషన్ మీద పెట్టాను. లోపల పేజీలు జరిగి ఉన్నాయని చూసుకోలేదు. కత్తి దిగాక విప్పితే పదకొండు పేజీల్లో ప్రతి పంక్తికీ చివరి అక్షరం పోయింది. పద్యంలో ప్రాసలు, యతులు ఉన్నా ఆ చివరి అక్షరం లేకపోతే చదివేవాడి నాలుక అక్కడ తడబడుతుంది. మా అత్తయ్యకి ఆ పద్యాలు నోటికొచ్చు. ఆవిణ్ణి కూర్చోబెట్టి చెప్పించుకుని, పోయిన అక్షరాలు పెన్సిల్‌తో పక్కన రాశాను. ఆ రాత్రి నుంచి స్కూలు పుస్తకం ఏదీ మిషన్ ఎక్కలేదు. అంచులు ఎలా ఉంటే అలాగే.

జూన్ 14

ఒడియా వాళ్ళ రజొ పండగ. ఊరంతా ఉయ్యాలలు, పోడొపిఠా (కాల్చి చేసే బియ్యప్పిండి పిఠా). పని లేదు. మా వీధిలో పట్టు నేసే దేరా కుటుంబాలున్నాయి. తాతల కాలంలో రాజమండ్రి వైపు నుంచి వచ్చామని వాళ్ళు చెప్పుకుంటారు. అందులో ఒక మామ్మ పిఠా పట్టుకొచ్చి, బల్ల మీది పుస్తకాలు చూసి, సాయంత్రం మళ్ళీ వచ్చింది. చేతిలో మగ్గం మీద మిగిలిన పట్టు పోగుల కట్ట. ఎరుపు, ఆకుపచ్చ, పసుపు. "వీటితో ఏటి చేత్తావో చెయ్యి నాయనా" అంది. అప్పటి నుంచి కుట్టిన ప్రతి పుస్తకం వీపులోంచి ఒక పట్టు పోగు గుర్తుదారంగా వేలాడుతోంది. బరంపురం పట్టు పుస్తకంలోకి వచ్చింది.

జూన్ 23

స్కూలు తెరిచారు. పిల్లలు కిటికీలోంచి చూసి ఇదేంటని అడుగుతున్నారు. తెలుగు సెక్షన్ వాళ్ళు కొద్దిమందే. కానీ ఒడియా మీడియంలో చదివే తెలుగింటి పిల్లలు చాలామంది. మా వీధుల్లో గుమ్మం లోపల తెలుగు, గుమ్మం బయట ఒడియా. మెట్రిక్ ఒడియాలో రాస్తే ఇక్కడ ఉద్యోగానికి ఇబ్బంది ఉండదని తల్లిదండ్రులు అటు వేస్తారు. వాళ్ళని తప్పు పట్టను, మా అన్నయ్య పిల్లలూ అలాగే చదువుతున్నారు. ఆ పిల్లలకి తెలుగు మాట్లాడడం వచ్చు, చదవడం రాదు.

జూలై 5

పుస్తకాలకి నంబర్లు. కాలేజీ లైబ్రరీలో పనిచేసే స్నేహితుడు, విషయాన్ని బట్టి పుస్తకానికి అంకె ఇచ్చే దశాంశ వర్గీకరణ చూపించాడు. అందులో తెలుగు సాహిత్యం 894.827, ఒడియా సాహిత్యం 891.456. తెలుగు ద్రావిడ భాష, ఒడియా ఆర్యభాష కాబట్టి వేరువేరు ఇళ్ళలో ఉంటాయి. భాషాశాస్త్రం ప్రకారం సరైనదే. కానీ ఇది హైస్కూలు గది. పిల్లవాడు కథల పుస్తకం కోసం వస్తాడు, అంకెల కోసం రాడు. మేం రంగు టేపు పద్ధతి పెట్టాం: కథలకి ఎరుపు, సైన్సుకి నీలం, పద్యాలకి పసుపు, చరిత్రకి ఆకుపచ్చ. ఒక్కో రంగు అరలో తెలుగు, ఒడియా పక్కపక్కనే. వీపు మీద పేరు రెండు లిపుల్లో. ఒడియా పుస్తకాలకీ అదే జిగురు, అదే కాలికో. ఆ పేర్ల లేబుళ్ళన్నీ హెడ్మాస్టరు గారి అమ్మాయి రాసింది, ముత్యాల్లాంటి దస్తూరీ.

జూలై 11

పెద్ద వాన. పరుగెత్తుకెళ్ళి చూశాను. శ్లాబు బాగుంది. కిటికీ పై మచ్చ అరచేతి అంత పెరిగింది. సన్‌షేడ్, గోడ కలిసే చోట సందు ఉంది. వాన తెరిపిచ్చాక సీలెంటు కొట్టించాలి. అప్పటిదాకా ఆ కిటికీ దగ్గరి రాకు ఖాళీ చేశాం.

జూలై 19

ఈ రోజు గురించి కొంచెం ఎక్కువ రాస్తాను.

తొమ్మిదో తరగతి పాప ఒకతె, ఒడియా మీడియం, వాళ్ళ నాన్న అప్పడాల వ్యాపారం. రోజూ వచ్చి రాకుల ముందు నిలబడుతుంది, ఏదీ తీయదు. ఇవాళ పిల్లల పాత మాసపత్రికల బైండు చేతికిచ్చి, "చదువమ్మా, నీకు తెలిసిన అక్షరాలు చదువు" అన్నాను. వాళ్ళమ్మ కొన్ని అక్షరాలు నేర్పిందట. వేలు పెట్టి నెమ్మదిగా చదివింది: "కొ... మొ... లొ." అక్కడున్నది కమల.

నేను నవ్వలేదు. తప్పు ఎక్కడుందో ఒక్కసారిగా అర్థమైంది. ఒడియాలో క అనే అక్షరానికి గుర్తేమీ లేకపోతే పలుకు కొ లాగా ఉంటుంది. తెలుగులో అదే అక్షరం క. పాపకి అక్షరం తెలుసు, కానీ దాన్ని ఒడియా నోటితో చదువుతోంది. "గుర్తు లేకపోతే నోరు గుండ్రంగా చెయ్యొద్దు, అమ్మని పిలిచినట్టు తెరువు" అన్నాను. మళ్ళీ చదివింది. "క, మ, ల." తలెత్తి, "కమలా? మా పిన్ని పేరు!" అంది.

ఆ సాయంత్రమే ఒక చార్టు మొదలుపెట్టాం. రెండు భాషలకీ వర్ణమాల వరస ఒకటే, క ఖ గ ఘ. కాబట్టి పిల్లలే ఒడియా అక్షరం రాసి పక్కన తెలుగుది అతికించారు. ఒడియా అక్షరానికి నెత్తిన గుండ్రటి గొడుగు, తెలుగు అక్షరానికి తలకట్టు. రెండూ తాటాకు మీద గంటంతో రాసిన కాలం నుంచి వచ్చినవే. తిన్నటి గీతలు గీస్తే ఆకు చిరుగుతుంది కాబట్టి గుండ్రంగా తిరిగాయని చెబుతారు. ళ వాళ్ళకి అసలు ఇబ్బందే కాలేదు, ఒడియాలోనూ ఉంది.

ఇబ్బంది పెట్టింది ఎ, ఏ. ఒ, ఓ. ఒడియా లిపిలో వీటికి ఒక్కొక్కటే ఉంది, పొట్టి పొడుగు తేడా లేదు. మెడ, మేడ ఒకేలా చదివేస్తారు. కొన, కోన కూడా. ఇంట్లో నోటితో ఈ తేడా పాటిస్తారు, కంటికి మాత్రం తెలియదు. కాబట్టి చదివించే ముందు పలికించాను: "మీ అమ్మ మెడలో ఏముంది? మేడ మీద ఎవరుంటారు?" పలికాక గుర్తు చూపిస్తే పట్టేస్తున్నారు. ఇంట్లో తెలుగున్న పిల్లవాడికి తెలుగు చదవడం నేర్పాలంటే కొత్త భాష నేర్పినట్టు మొదలుపెట్టకూడదు. వాడి నోట్లో ఉన్నదాన్నే కంటికి చూపించాలి. నాకు ఇది ఇవాళే తెలిసింది.

ఆగస్టు 10

వి.వి.గిరి గారి పుట్టినరోజు. 1894లో ఇదే ఊళ్ళో పుట్టారు, 1969 నుంచి 1974 దాకా రాష్ట్రపతిగా ఉన్నారు. తెలుగింటి బిడ్డ అని పిల్లలకి తెలియదు. ఆకుపచ్చ టేపు అరలో ఆయన మీద ఒక చిన్న పుస్తకం ఉంది, ఒడియాలో. ఏడో తరగతి కుర్రాడు ఒడియాలో చదువుతూ అందరికీ తెలుగులో చెప్పాడు.

ఆగస్టు 29

గిడుగు రామమూర్తి గారు పుట్టిన రోజు, 1863. తెలుగు భాషా దినోత్సవం. ఈ రోజే పుస్తకాలు ఇంటికివ్వడం మొదలుపెట్టాలని హెడ్మాస్టరు గారి కోరిక. ఆయన పిల్లలకి చెప్పిన మాటలు నేను అనుకోలేదు. గిడుగు వారు మన పక్క పర్లాకిమిడిలో మాస్టారని, సవర గిరిజనుల భాష నేర్చుకుని వాళ్ళ పిల్లలకి వాళ్ళ భాషలోనే చదువు చెప్పించారని, పుస్తకంలో భాష జనం మాట్లాడేదానికి దగ్గరగా ఉండాలని పోరాడారని చెప్పారు. 1936లో పర్లాకిమిడి ఒడిశాలో కలిసినప్పుడు ఆయన ఊరు వదిలి రాజమండ్రి వెళ్ళిపోయారని కూడా, దాచకుండా చెప్పారు. తరవాత నా వైపు తిరిగి, "మీ తాతగారు వాళ్ళు వెళ్ళలేదు కదా" అన్నారు. లేదు. మా తాత ఇక్కడే ఉన్నాడు, ఇక్కడే పోయాడు. నాకు గొంతు పట్టేసింది, తల మాత్రం ఊపాను.

పాత రిజిస్టరులో చివరి నంబరు తరవాతి గీతలో మొదటి పేరు రాశాం. కొమొలొ అని చదివిన పాపే. తీసుకున్నది ఆ మాసపత్రికల బైండు. ఎరుపు టేపు, ఆకుపచ్చ పట్టు పోగు. మొత్తం 37 పుస్తకాలు ఇళ్ళకి వెళ్ళాయి. తెలుగువి 19, ఒడియావి 18.

సెప్టెంబరు 6

వారం గడువు. 37లో 31 తిరిగొచ్చాయి. పాప బైండు నాలుగు రోజులు ముందే వచ్చింది. లోపల పట్టు పోగు మూడో వంతు దగ్గర ఉంది. పూర్తి కాలేదేమని అడిగితే, "అయిపోయింది సార్. రాత్రి మా మామ్మకి మళ్ళీ మొదట్నుంచి చదువుతున్నాను. ఆవిడకి చదువు రాదు. మళ్ళీ ఇదే రాసుకోండి" అంది. రాశాను. ఆ పేజీ మూల పసుపు మరక, అప్పడాల పిండి కూడా కొంచెం ఉంది. తుడవలేదు.

కిటికీ పైన సీలెంటు కొట్టించడం ఇంకా మిగిలింది, సోమవారం మావయ్య వస్తానన్నాడు. షాపులో బరువు కింద మరో ఆరు పుస్తకాలున్నాయి. జిగురు అయిపోయింది, రేపు మళ్ళీ ఉడకబెట్టాలి.